అన్నం పూర్తిగా మానకుండా బరువు తగ్గాలంటే ఇంట్లో తిండి ఎలా మార్చుకోవాలి?

చెరువుగట్టు (హనుమకొండ) – ఆగస్టు 18

అందరికీ నమస్కారం. నాకు 42 ఏళ్లు. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. ఇంట్లో మేం నలుగురం: నేను, మా ఆయన, ఇంటర్ చదివే బాబు, తొమ్మిదో తరగతి పాప.

మొన్న వేసవిలో ఎవరో చెప్పారని అన్నం పూర్తిగా మానేశాను. పండ్లు, మజ్జిగ, కీరదోస ముక్కలు, అంతే. 19 రోజుల్లో 3 కిలోలు తగ్గాను. ఇరవయ్యో రోజు పొయ్యి దగ్గర నిలబడి పప్పుకు పోపు పెడుతుంటే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. పాప చూసి ఏడ్చేసింది. ఆ రోజే మళ్లీ అన్నం మొదలుపెట్టాను. రెండు నెలలు తిరగకుండానే పోయిన 3 కిలోలతో పాటు ఇంకో కిలో పెరిగాను.

ఇంట్లో వాళ్లకు ఒక వంట, నాకు ఒక వంట చేసుకునే ఓపిక నాకు లేదు. నా రోజు ఎలా గడుస్తుందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను. పొద్దున 5:30కి టీ, పిల్లల బాక్సులు సర్దాక ఇంకో టీ. 10 గంటలకు అందరూ తినగా మిగిలిన ఇడ్లీలో ఉప్మానో. మధ్యాహ్నం 2కి అన్నం, కూర, చారు, పెరుగు. సాయంత్రం టీ, దానితో మురుకులు. రాత్రి అందరికీ వడ్డించి, 9:30 తర్వాత గిన్నెలో మిగిలినది పెట్టుకుంటాను. పొద్దున భద్రకాళి చెరువు గట్టు మీద 40 నిమిషాలు నడుస్తున్నాను. అయినా ముల్లు కదలడం లేదు. ఎక్కడ మార్చాలో తెలిసినవారు చెప్పండి.


ఓరుగల్లు సార్ (విశ్రాంత ఉపాధ్యాయుడు) – ఆగస్టు 18

అమ్మా, మీరు రాసినదంతా చదివి ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. "గిన్నెలో మిగిలినది." మా ఇంట్లో 35 ఏళ్లు ఇదే జరిగింది. నా భార్య చివరన కూర్చునేది. గిన్నె అడుగున రెండు పిడికిళ్ల అన్నం ఉన్నా, నాలుగు ఉన్నా అంతా ఆమె పళ్లెంలోకే వెళ్లేది. ఆకలి తీరాక కూడా, పారేయడానికి చేయి రాక తినేది. మా అమ్మ చేసినది ఆమె చేసింది. ఇప్పుడు మా కోడలు అలా చేయకుండా నేను చూస్తున్నాను.

రెండు పనులు చేయండి. మొదటిది, అందరితో పాటే కూర్చోండి. గిన్నెలు మధ్యలో పెడితే ఎవరికి కావలసినది వాళ్లు వేసుకుంటారు. ఇంటర్ చదివే బాబుకు చేతులున్నాయి. రెండోది, కుక్కరులో పోసే బియ్యం అర గ్లాసు తగ్గించండి. మిగిలితే మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున వేడి చేసుకుని పెరుగు, ఉల్లిపాయతో తినండి. అదే ఆ పూట మీ టిఫిన్. ఇడ్లీకి అదనంగా కాదు.


పోషణ విద్యార్థిని (కరీంనగర్) – ఆగస్టు 19

అక్కా, నేను పోషకాహార శాస్త్రం చదువుతున్నాను. వైద్యురాలిని కాను. కళ్లు తిరిగాయి కాబట్టి ముందు రక్తహీనత, థైరాయిడ్, షుగరు పరీక్షలు చేయించుకోండి. ఈ వయసులో ఆడవాళ్లకు ఆ మూడూ చూడకుండా తిండి గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

మీ లెక్కలో బి.ఎం.ఐ. (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే సూచిక) 31 దగ్గర ఉంది. మన దేశంలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్కిస్తారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. నెమ్మదిగా తగ్గినా సరే, మళ్లీ పెరగకుండా ఉండటం ముఖ్యం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారానికి అర కిలో తగ్గడం సురక్షితమని చెబుతుంది. మీరు 19 రోజుల్లో 3 కిలోలు తగ్గారంటే అందులో నీరు, కండ కూడా పోయి ఉంటాయి.

ఆ సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కేలరీలు కావలసిన మనిషి పళ్లెం ఎలా ఉండాలో ఉంది. కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100, బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35, నూనె 27 గ్రాములు. ఇవన్నీ వండక ముందు తూకాలు. బరువు తగ్గాలనుకునేవారికి ధాన్యం, నూనె ఇంకొంచెం తగ్గుతాయి. కూరలు తగ్గవు.

ఒక్క ప్రశ్న. మీ ఇంట్లో నెలకు ఎన్ని నూనె ప్యాకెట్లు అయిపోతాయి?


చెరువుగట్టు – ఆగస్టు 19

ఐదు లీటర్లు. పండగ నెలలో ఏడు. సార్, మీ మాట చదివి మా ఆయనకు కూడా చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు. రాత్రి మాత్రం నా పళ్లెం తెచ్చి ముందు పెట్టారు.


పోషణ విద్యార్థిని – ఆగస్టు 20

లీటరు ప్యాకెట్‌లో ఉండేది సుమారు 910 గ్రాములు. ఐదు ప్యాకెట్లను నలుగురికి, 30 రోజులకు పంచితే మనిషికి రోజుకు 38 గ్రాములు. ఉండవలసినది 27. నూనె గ్రాముకు 9 కేలరీలు కాబట్టి, ఈ 11 గ్రాముల తేడా వల్లనే మనిషికి రోజూ 100 కేలరీలు ఎక్కువ వెళ్తున్నాయి. మీకే కాదు, పిల్లలకు కూడా.

నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు సరిపోవాలి. రోజూ చెంచాలతో కొలవడం ఎవరి వల్లా కాదు. ఒకటో తారీఖున మూడున్నర లీటర్లు తెచ్చి, వారానికి ఎంతో ఒక సీసాలో పోసి పెట్టుకోండి. ఆదివారం దాకా అదే. ప్యాకెట్ వంచి మూకుట్లో నేరుగా పోసే అలవాటు మానండి. చేయి ఎప్పుడూ ఎక్కువే వంగుతుంది.


పరకాల పొలంగట్టు – ఆగస్టు 20

మీరంతా నూనె చుట్టూ తిరుగుతున్నారు. జబ్బంతా తెల్ల అన్నంలో ఉంది. మా తాతలు జొన్న గటక, మక్క గటక, అంబలి తాగి పొలం పని చేశారు. మూడు పూటలా పాలిష్ బియ్యం ఎప్పుడు వచ్చిందో అప్పుడే పొట్టలు వచ్చాయి. అక్కా, అన్నం మానేసి మూడు పూటలా జొన్నరొట్టె తినండి. ఎంత తిన్నా బరువు పెరగరు.


పోషణ విద్యార్థిని – ఆగస్టు 20

అన్నా, జొన్న మంచిదన్న మాటతో నాకు పేచీ లేదు. "ఎంత తిన్నా" అన్న మాట దగ్గరే వస్తుంది. వంద గ్రాముల జొన్నలోనూ, వంద గ్రాముల బియ్యంలోనూ కేలరీలు దాదాపు సమానం, 330 నుంచి 360 మధ్య. తేడా పీచులో ఉంది. జొన్నలో సుమారు 10 గ్రాములుంటే పాలిష్ బియ్యంలో 3 కంటే తక్కువ. మాంసకృత్తులు కూడా జొన్నలో కొంచెం ఎక్కువ. అందుకే రెండు రొట్టెలకు కడుపు నిండినట్టు ఉంటుంది, మళ్లీ ఆకలి ఆలస్యంగా వేస్తుంది. ఆ మేలు రెండు రొట్టెల దగ్గర ఆగితేనే. నాలుగు రొట్టెలు, పైన నెయ్యి, పక్కన బెల్లం అయితే లెక్క మొదటికి వస్తుంది. తాతగార్ల సంగతి కూడా పూర్తిగా చెప్పాలి కదా. వాళ్లు తిన్నదాన్ని నాగలి వెనక నడిచి కరిగించారు.


జమ్మికుంట కోడలు – ఆగస్టు 21

నేను రెండేళ్లలో 9 కిలోలు తగ్గి, తగ్గినచోటే ఉన్నాను. ఇద్దరి మాటలోనూ నిజముంది కాబట్టి నేను చేసినది రాస్తాను.

రాత్రి పూట ఒక్కదానికే రొట్టె పెట్టుకున్నాను. మధ్యాహ్నం అన్నమే. మొదట్లో రొట్టె విరిగిపోయి విసిగి మానేద్దామనుకున్నాను. మా అత్తమ్మ పక్కన నిలబడి నేర్పింది. నీళ్లు బాగా మరిగాక పిండిలో పోసి గరిటెతో కలిపి, వేడి తగ్గకముందే అరచేతి మడమతో నొక్కి నొక్కి పిసకాలి. చేయి కాలుతుంది, మధ్య మధ్య చల్లనీళ్లలో ముంచుకోవాలి. పిండి ఎంత నలిగితే రొట్టె అంచు అంత పగలకుండా వస్తుంది. పీట మీద పొడిపిండి చల్లి తట్టి, పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో నీళ్లు రాయాలి. ఆ తడి ఆరినట్టు కనిపించగానే తిప్పాలి. ఆలస్యమైతే బిరుసెక్కుతుంది. చివరన మంట మీద పెడితే పొంగుతుంది. చుక్క నూనె అవసరం లేదు. గుప్పెడున్నర పిండికి ఒక రొట్టె, నాకు రెండు చాలు.

రొట్టె పక్కన ఏముందన్నది అంతకంటే ముఖ్యం. అన్నంలోకైతే రెండు చెంచాల కూర చాలు. రొట్టెతో గిన్నెడు కూర లేకపోతే దిగదు. పాలకూర పప్పు, గంగవాయిలి కూర, పుంటికూర, సొరకాయ, వంకాయ, ఏదైనా సరే కూర పెరిగిపోయింది. నిజానికి నా బరువు తగ్గడానికి రొట్టె కంటే ఆ కూరే ఎక్కువ కారణమని నాకు అనిపిస్తుంది.

ఇంకొకటి చెప్పాలి. పచ్చిపులుసులో నూనె లేదు కదా, మంచిదని అందరూ అంటారు. నాకైతే పచ్చిపులుసు ఉన్న పూట అన్నం రెండింతలు వెళ్లేది. కాల్చిన మిరపకాయ, ఉల్లిపాయ, ఆ పులుపు, అన్నం నమలకుండానే జారిపోతుంది. ఇప్పుడు పచ్చిపులుసు చేసిన రోజు ముద్దపప్పు, ఒక ఉడికించిన గుడ్డు తప్పకుండా పెట్టుకుంటాను. అన్నం ఒక్కసారే వడ్డించుకుంటాను.


కాజీపేట పట్టాలు – ఆగస్టు 23

నేను రైల్వేలో పనిచేస్తాను. వారంలో మూడు నాలుగు రాత్రులు డ్యూటీ. మూడేళ్లలో 11 కిలోలు పెరిగాను. రాత్రి 2 గంటలకు ఆకలి కాదు, నిద్ర ఆపుకోవడానికి ఏదో ఒకటి నోట్లో వేసుకుంటాను. స్టేషన్ దగ్గర సమోసా, చాయ్, ఒక్కోసారి శీతల పానీయం. పొద్దున ఇంటికి వచ్చి ఇంకో భోజనం చేసి పడుకుంటాను. ఇంటి వంట మార్చితే నాలాంటి వాళ్లకు ఎలా ఉపయోగం?


జమ్మికుంట కోడలు – ఆగస్టు 23

అన్నా, మా తమ్ముడిదీ ఇదే డ్యూటీ. డ్యూటీకి వెళ్లే ముందు రాత్రి 8 గంటలకు ఇంట్లో పూర్తి భోజనం చేస్తాడు. అసలు మార్పు అదే. ముందు ఖాళీ కడుపుతో వెళ్లి అక్కడ కొనుక్కునేవాడు. సద్ది గిన్నెలో అన్నం బదులు గుడాలు పెట్టిస్తుంది మా మరదలు. బొబ్బర్లు, శనగలు, పెసర్లు, రోజుకొకటి. ఉడికించి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, చెంచాడు నూనెతో తాలింపు. ఒక సీసాలో మజ్జిగ. 2 గంటలకు అవే నములుతాడు. గుడాలు నమలడానికి సమయం పడుతుంది కాబట్టి నిద్రమత్తు కూడా వదులుతుందంటాడు. పొద్దున వచ్చాక ఒక గుడ్డు, ఒక పండు తిని పడుకుంటాడు. లేచాక భోజనం.


ఓరుగల్లు సార్ – ఆగస్టు 24

బాబూ, ఆ శీతల పానీయం ముందు మానండి. 300 మిల్లీలీటర్ల సీసాలో 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. సీసా వెనక చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. ఆరు చెంచాల పంచదార గ్లాసులో వేసి ఇస్తే మీరు తాగుతారా?


వేదిక నిర్వాహకురాలు – ఆగస్టు 25

ఈ చర్చలో "నెలకు 10 కిలోలు ఖాయం" అంటూ ఒక పొడి డబ్బా అమ్మకానికి పెట్టిన వ్యాఖ్యను తొలగించాను. అందులో ఏమేమి కలిశాయో రాయలేదు, ఫోను నంబరు మాత్రం రాశారు. ఇక్కడ అమ్మకాలు వద్దు. ఎవరైనా అలాంటి పొడులు వాడుతుంటే డబ్బా తీసుకెళ్లి మీ డాక్టరుకు చూపించండి.


మంచిర్యాల నుంచి – ఆగస్టు 25

నాకు 56 ఏళ్లు, పదేళ్లుగా షుగరు. దయచేసి ఇది అందరూ చదవండి. పోయిన ఏడు ఒక వీడియో చూసి రాత్రి భోజనం మానేశాను, మాత్రలు మాత్రం అవే వేసుకున్నాను. నాలుగో రోజు తెల్లవారుజామున చెమటలు పట్టి, చేతులు వణికి, మా ఆవిడ పిలుస్తుంటే మాట రాలేదు. ఆమె పంచదార నీళ్లు తాగించి ఆసుపత్రికి తీసుకెళ్లింది. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు పూట తిండి మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుందని అప్పుడు డాక్టరు చెప్పారు. తిండి తగ్గించాలంటే మాత్ర మోతాదు కూడా వాళ్లే మార్చాలి. ఉపవాసాలు మంచివని చెప్పేవాళ్లు ఈ ముక్క చెప్పరు.


చెరువుగట్టు – సెప్టెంబర్ 14

పరీక్షలు చేయించుకున్నాను. థైరాయిడ్, షుగరు బాగానే ఉన్నాయి. రక్తం (హిమోగ్లోబిన్) 9.8 ఉంది. ఐరన్ మాత్రలు ఇచ్చారు. టీ తాగిన వెంటనే వేసుకోవద్దని చెప్పారు.

ఆ సందర్భంలో టీల లెక్క చూసుకున్నాను. రోజుకు ఐదు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార. అంటే 50 గ్రాములు, 200 కేలరీలు. ఇప్పుడు రోజుకు రెండు టీలు, ఒక్కో చెంచా. మొదటి వారం తలనొప్పి వచ్చింది, తర్వాత పోయింది.

వంటింట్లో తూకం కొన్నాను. ఒక రాత్రి నా పళ్లెంలో రోజూ పెట్టుకునేంత అన్నం పెట్టి తూచాను. 420 గ్రాములు. అన్నం ఒక్కటే 550 కేలరీల దగ్గర ఉంది. అంత తింటున్నానని నాకు నిజంగా తెలియదు. ఎందుకంటే ఎప్పుడూ ఒకేసారి పెట్టుకోలేదు. కూరలోకి కొంచెం, చారులోకి కొంచెం, పెరుగులోకి కొంచెం, గిన్నె కడిగే ముందు ఇంకొంచెం. ఇప్పుడు రాత్రి రెండు రొట్టెలు, మధ్యాహ్నం 200 గ్రాముల అన్నం. రొట్టె ఇంకా గుండ్రంగా రావడం లేదు. బాబు తింటున్నాడు, పాప తినడం లేదు. పాపకు అన్నమే పెడుతున్నాను, దాని ఎదిగే వయసు.

నెల లోపల కిలోన్నర తగ్గాను.


పరకాల పొలంగట్టు – సెప్టెంబర్ 15

అక్కా, సంతోషం. ఎంత తిన్నా అని నేను రాసిన మాట తప్పు. మా ఇంట్లో కూడా తూకం వేసి చూశాను. నేను ఒక్క పూటకు తినే రొట్టెలకు 300 గ్రాముల పిండి పట్టింది. పొలానికి నేనిప్పుడు బండి మీద వెళ్తాను, దున్నేది ట్రాక్టరు. జొన్నలు మావే, మీకు కావాలంటే ఈ యాసంగి పంటలో చెప్పండి.


చెరువుగట్టు – అక్టోబర్ 9

ఈ నెల ఎక్కడి దానిని అక్కడే ఉన్నాను. బతుకమ్మ తొమ్మిది రోజులు, తర్వాత దసరా. సద్దుల బతుకమ్మ నాడు పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, పల్లి సద్ది, సత్తుపిండి, అన్నీ తిన్నాను. ఏడాదికి ఒకసారి గౌరమ్మకు పెట్టిన సద్ది నాకు వద్దని అనలేను. దసరా రోజు బంధువుల ఇంట్లో మటన్, బగారా అన్నం. రెండోసారి వద్దన్నందుకు పెద్దావిడ ఒకరు "మా చేతి వంట నచ్చలేదా" అన్నారు. ఆ మాటకు నొచ్చుకుని మళ్లీ పెట్టించుకున్నాను. ఇలాంటప్పుడు మీరంతా ఏం చేస్తారు?


జమ్మికుంట కోడలు – అక్టోబర్ 9

మొదటిసారే కూర ఎక్కువ, అన్నం తక్కువ పెట్టించుకుంటాను. రెండోసారి అడిగినప్పుడు "ఈ ముక్కలు ఇంకో రెండు పెట్టండి" అంటాను. పెట్టినవాళ్ల మనసు నిండుతుంది, అన్నం పెరగదు. పండగ రోజు బరువు చూసుకోను. మరుసటి రోజు ఉపవాసం కూడా ఉండను. మామూలు రోజు తిండి తింటాను, అంతే. పండగల నెలలో పెరగకుండా నిలబడ్డారంటే అదేమీ చిన్న విషయం కాదు.


కాజీపేట పట్టాలు – నవంబర్ 2

గుడాలు పనిచేస్తున్నాయి. శీతల పానీయాలు మానేసి 70 రోజులు. నాలుగు కిలోలు తగ్గాను. నాతో డ్యూటీ చేసేవాళ్లు ఇద్దరు ఇప్పుడు గిన్నెలు తెచ్చుకుంటున్నారు, శనగలు, బొబ్బర్లు పంచుకుని తింటున్నాం.


చెరువుగట్టు – జనవరి 6

69 కిలోలు. ఐదు నెలలకు 5 కిలోలు. రక్తం 11.6కి వచ్చింది. పోయిన నెల నూనె మూడు లీటర్ల ముప్పావు అయ్యింది, మూడున్నరకు ఇంకా రాలేదు. మా ఆయన ప్యాంట్లు కూడా వదులయ్యాయి, ఆయన ఏమీ మానలేదు, ఇంటి కూర మాత్రమే మారింది.

ఇప్పుడు సకినాల సమయం. ఏటా నాలుగు కిలోల బియ్యం నానబోసి పిండి పట్టించేదాన్ని. వాకిట్లో బట్ట పరిచి నేను, పక్కింటి వదిన, మా ఆడపడుచు కూర్చుని చుట్టేవాళ్లం. సంక్రాంతి అయిపోయినా నెల రోజుల దాకా డబ్బాలో ఉండేవి, టీ తాగిన ప్రతిసారీ రెండు. మానేయమంటే నా వల్ల కాదు. ఆ చుట్టడం, ఆ వాము, నువ్వుల వాసన లేకుండా పండగ రాదు.


ఓరుగల్లు సార్ – జనవరి 6

మానవద్దమ్మా. కిలోన్నర పోయండి. ముగ్గురూ కూర్చుని చుట్టండి. వేయించిన రోజే పంచేయండి: ఆడపడుచుకు, వదినకు, పిల్లల స్నేహితులకు. మీ ఇంట్లో పండగ మూడు రోజులకు సరిపడా ఉంచుకోండి.


చెరువుగట్టు – జనవరి 17

కిలోన్నర పోశాను. పాప మొదటిసారి తన చేత్తో చుట్టింది, ఐదు చుట్లు తెగకుండా వచ్చింది. కనుమ సాయంత్రానికి డబ్బా ఖాళీ. మూకుట్లో మిగిలిన నూనె వడగట్టి దాచలేదు. ఈ రోజు రాత్రికి రొట్టెలు, చిక్కుడుకాయ కూర. పరకాల తమ్ముడూ, యాసంగి జొన్నలు వచ్చాక పది కిలోలు మాకు ఉంచండి.